తెలుగు బైబిలు – ఒక పాత ఋణం

బైబిలు చదువుదామని కూర్చొని, పది పుటలు తిప్పి, "తెలుగే గాని నాకు తెలియని తెలుగు" అని మూసివేసినవారు మనలో చాలామందే ఉంటారు. నిత్యం చదివే క్రైస్తవ మిత్రులు కూడా ఈ మాట నాతో అన్నారు. ఆ చిక్కు ఎక్కడ పుట్టిందో, దానిని విప్పుకొనే దారి ఏదో నాకు తోచినంతలో వ్రాస్తాను. నేను క్రైస్తవుణ్ణి కాను. భాషాప్రవీణ చదివి, ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మతచర్చ నా ఉద్దేశం కాదు. అయితే ఈ విషయంలో నాకొక ఋణం ఉన్నది. ముందు అది చెప్పుకొంటే గాని మిగిలినది చెప్పే అర్హత రాదు.

గోదావరికి మహా వరద వచ్చిన 1986 తరువాతి సంవత్సరం. ఏలూరుకు దక్షిణంగా, కొల్లేటి అంచున ఉన్న ఒక ఊళ్ళో తెలుగు పండితుణ్ణి. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు వర్షాకాలం మీద వ్యాసం వ్రాసి తెచ్చాడు. వాక్యం వాక్యానికీ మొదట "మరియు". మబ్బు పట్టడం "సంభవించెను". నీళ్ళు "ఇదిగో" వచ్చాయి. నేను దానిని తరగతిలో బిగ్గరగా చదివి, "ఇది ఏ దేశపు తెలుగురా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లవాడు నవ్వలేదు.

పది రోజుల తరువాత వాడి నాయనమ్మ బడికి వచ్చింది. చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకొనే ముసలామె.

"మాస్టారండీ, మా మనవడు రాత్రిళ్ళు నాకు పుస్తకం చదివి పెట్టేవోడండి. ఇప్పుడు చదవనంటన్నాడు. ఆ బాసకి మీరు నవ్వారంట గదా. నాకా అచ్చరం ముక్క రాదు. ఇక నాకెవరు చదువుతారండీ?"

నా నోట మాట రాలేదు. ఆమె కోపంగా అడగలేదు, అదే నన్ను ఎక్కువ బాధించింది. కాసేపాగి మళ్ళీ అన్నది: "మీరు పండితులంట గదా, ఒక్క సంగతి చెప్పండి. నికొదేము రాత్రేళ వచ్చినప్పుడు ప్రభువు పుట్టుక గురించి, ఆత్మ గురించి చెబుతా చెబుతా మజ్జెలో గాలి సంగతెందుకు ఎత్తాడండీ?"

"వారం రోజులు గడువియ్యమ్మా" అన్నాను. ఆ వారంలో మొదలైన చదువు నేటికీ ముగియలేదు.

ముందుగా తెలిసినదేమంటే, నేను నవ్విన భాషకు నేను గౌరవించే అనేక వచన గ్రంథాల కంటె పెద్ద చరిత్ర ఉన్నది. 1719లో తరంగంబాడిలో దిగిన జర్మనీ దేశస్థుడు బెంజమిన్ షుల్జ్, తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చి, 1727 నాటికి క్రొత్త నిబంధననూ 1732 నాటికి పాత నిబంధననూ తెలుగు చేశాడు. వ్రాతప్రతులు జర్మనీలోని హాలే నగరానికి చేరాయి గాని అచ్చుకు నోచుకోలేదు. 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడయ్యాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. వారు ముగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సెరంపూరులో అచ్చయ్యాయి. ఆ ఏడే మార్చిలో సెరంపూరు ముద్రణాలయం కాలిపోయి, ఎన్నో భాషల అచ్చుదిమ్మెలు మంటల్లో కరిగిపోయాయి. అక్కడి విలియం కేరీ పట్టు విడువక 1814లో తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. ఆ దశాబ్దం ముగిసేలోగా క్రొత్త నిబంధన పూర్తిగా తెలుగులో అచ్చులో ఉన్నది. మన సి.పి. బ్రౌను సైతం ఈ అనువాదం మీద చాలా శ్రమపడ్డాడు. సంపూర్ణ గ్రంథం 1850లలో వెలువడింది. విశాఖపట్నపు జాన్ హే వంటివారు దానిని దిద్దడంలో ఏళ్ళు గడిపారు.

చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడినదీ ఆ దశాబ్దంలోనే, 1858లో. అంటే ఆధునిక తెలుగు వచనం ఇంకా తన నడక తాను వెతుక్కుంటున్న రోజులు. ఈ అనువాదాలు జరిగిన తీరు చూడండి. దొరకు హీబ్రూ, గ్రీకు తెలుసు, తెలుగు సగం తెలుసు. పక్కన కూర్చున్న పండితునికి తెలుగు, సంస్కృతం కొట్టినపిండి, హీబ్రూ ఒక్క అక్షరం తెలియదు. ఒకరు మూలాన్ని జారనివ్వరు, మరొకరు వ్యాకరణాన్ని జారనివ్వరు. ఇద్దరి మధ్యా పుట్టిన రాజీ ఈ భాష. నా విద్యార్థి "మరియు" దొరల అజ్ఞానం కాదు. హీబ్రూ కథనంలో వాక్యాలు వరుసగా "వ" అనే సముచ్చయంతో మొదలవుతాయి. అది ఆ భాష ఊపిరి. దానిని పోగొట్టకూడదని పట్టుబట్టి తెచ్చారు.

మన ప్రాంతానికి ఈ పుస్తకం పలు దారుల్లో వచ్చింది. 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లులలో నిలిచాయి. 1841లో నోబుల్, ఫాక్స్ మచిలీపట్నం చేరారు. అక్కడి చర్చి మిషనరీ సంఘం 1854లో ఏలూరులో కాలుపెట్టింది. రాజమండ్రి వైపు నుంచి లూథరన్లు తాడేపల్లిగూడెం పల్లెల దాకా వచ్చారు. బడి గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు ఎన్నో పల్లెల్లో మొదటి వాచకం ఈ పుస్తకమే. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఈ పదజాలాన్ని పాటగా మార్చి నాలుకలకు అలవాటు చేశాయి. గుర్రం జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చినప్పుడు అదే కథ పద్యమై పండితుల చేత కూడా చదివించింది. నేను ఆ పద్యాలు మెచ్చుకొని, ఆ వచనానికి నవ్వినవాణ్ణి!

ఇక గాలి సంగతి. తాడేపల్లిగూడెంలో గ్రీకు చదువుకున్న ఒక వృద్ధ పాస్టరుగారు ఉన్నారని విని రైలెక్కి వెళ్ళాను. ఆయన యోహాను సువార్త మూడో అధ్యాయం తెరిచి, ఒక్క మాటలో తేల్చారు. గ్రీకులో "ప్న్యూమా" అంటే గాలి, ఊపిరి, ఆత్మ మూడూనట. హీబ్రూలో "రూఅహ్" కూడా అంతే. మూలంలో మాట మారలేదు. ఒకే మాటతో గాలినీ ఆత్మనూ కలిపి చెప్పాడు. తెలుగులో ఒకచోట "గాలి", ఒకచోట "ఆత్మ" అని విడదీయక తప్పలేదు గనుక వంతెన కూలిపోయింది. ముసలామె అడిగిన ప్రశ్న సరిగ్గా ఆ కూలినచోట నిలబడి అడిగినది. ఆ ఘట్టంలోనే మరో శ్లేష ఉన్నది. "అనోథెన్" అనే మాటకు "మళ్ళీ" అనీ "పైనుండి" అనీ రెండర్థాలు. నికొదేము మొదటి అర్థం పట్టుకొని, ముసలివాడు తల్లి గర్భంలోకి మళ్ళీ ఎలా వెళ్తాడని తికమకపడ్డాడు. తెలుగులో "క్రొత్తగా" అన్నచోట ఆ రెండో అర్థం కనిపించదు. అనువాదకుని తప్పేముంది? పింగళి సూరన రాఘవపాండవీయాన్ని పరభాషలోకి దించమంటే ఎవరి తరం?

తిరుగు రైలులో నాకు మన నిఘంటువులు గుర్తుకు వచ్చాయి. "ఆత్మ" శబ్దానికి యాస్కుడు నిరుక్తంలో చూపిన వ్యుత్పత్తులలో ఒకటి "అత్" ధాతువు, ఎడతెగక కదలడం. అమరకోశంలో గాలికి ఒక పేరు "సదాగతి", ఎప్పుడూ కదిలేది. గ్రీకు కలిపిన రెండింటినీ మన శాస్త్రం కూడా దాదాపు కలిపే ఉంచింది. నేనే ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఆమెకు నిరుక్తం పేరు చెప్పలేదు. "అమ్మా, వాళ్ళ భాషలో గాలికీ ఊపిరికీ ఆత్మకీ ఒకటే మాట. అందుకని గాలిని చూపించి ఆత్మ సంగతి చెప్పాడు" అన్నాను. ఆమె కాసేపు కొల్లేటి వైపు చూసింది. "అదాండీ! పైరగాలి ఎక్కడ లేస్తదో మాకేం తెలుసు? తెడ్డేసేవోడికి ఒంటికి తగిలితే తెలుస్తది" అన్నది. అంతకు మించిన వ్యాఖ్యానం నేను ఇంతవరకు చదవలేదు. అదే అధ్యాయంలో, బోధకుడివై ఉండి ఇవి తెలియవా అని నికొదేమును అడిగిన ఘట్టం ఉన్నది. అది చదివినప్పుడల్లా నన్నే అడిగినట్లుంటుంది.

ఈ అనుభవంతో నేను పట్టుకొన్న దారి ఇది.

మొదటిది, తెలిసిన మాటనే అనుమానించడం. "ధర్మశాస్త్రము" అనగానే మనకు మనువు, యాజ్ఞవల్క్యుడు మెదులుతారు. అక్కడ అది మోషేకు చెందిన ఐదు గ్రంథాలు. "నిబంధన" మనకు షరతు, అక్కడ దేవునికీ జనానికీ మధ్య ఒడంబడిక. "ప్రసంగి"లో పదే పదే వచ్చే "వ్యర్థము" మూలంలో "హెవెల్", అంటే ఊపిరి, ఆవిరి. పనికిమాలినదని కాక, పట్టుకుంటే చేతికి చిక్కనిదని చదివి చూడండి, గ్రంథమంతా వేరుగా కనిపిస్తుంది.

రెండవది, అంకెలను మరచిపోవడం. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దపు స్టీఫెన్ లాంగ్టన్‌ది. క్రొత్త నిబంధనకు వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ వేసినవి. మూలకర్తలు వాటిని ఎరుగరు. వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలని మనం పిల్లలకు చెబుతాము. ఒక్క వచనాన్ని త్రుంచి తీస్తే పోయేది సన్నిధే. పౌలు పత్రికను ఉత్తరంలాగా మొదటి నుంచి చివరి దాకా ఒక్క కూర్చోలో చదవాలి. ఆ పత్రికలు వ్రాసిన కాలక్రమంలో కాక, దాదాపుగా నిడివిని బట్టి అమర్చినవని తెలిస్తే మరికొంత తికమక తగ్గుతుంది.

మూడవది, ఏ జాతి రచనో చూడడం. కీర్తనలలో ఒకే భావం రెండు పాదాల్లో రెండుసార్లు వస్తుంది. మన అలంకారశాస్త్రం దానిని పునరుక్తి దోషమంటుంది. హీబ్రూ కవిత్వానికి అదే ఛందస్సు. రాబర్ట్ లౌత్ 1753లో దీనిని విడమరచి చూపాడు. 119వ కీర్తనలో "ఆలెఫ్", "బేత్" అనే శీర్షికలు చూసి అవేమి మంత్రాలని నన్నడిగినవారున్నారు. అవి హీబ్రూ అక్షరాలు. ఇరవైరెండు అక్షరాలకు ఎనిమిదేసి వచనాలు, మొత్తం 176. మన అక్షరమాలా స్తోత్రాల వంటి రచన.

నాలుగవది మీమాంసకుల సూత్రం. గ్రంథ తాత్పర్యం తెలియాలంటే ఉపక్రమ ఉపసంహారాలు, అంటే మొదలూ తుదీ కలిపి చూడమన్నారు. మళ్ళీ మళ్ళీ చెప్పినదేదో గమనించమన్నారు. యోబు గ్రంథంలో స్నేహితుల మాటలు వినడానికి ఎంతో భక్తిగా ఉంటాయి. చివర దేవుడు వారిని తప్పుపట్టాడు. తుది చూడనివాడు వారి మాటనే గ్రంథకర్త మాట అనుకొని ఉపన్యసిస్తాడు.

ఆ పిల్లవాడు నాయనమ్మకు మళ్ళీ చదివి పెట్టాడని తెలిసి సంతోషించాను. వాణ్ణి పిలిచి, తరగతి ముందే నా తప్పు ఒప్పుకొన్నాను. అయినా వాడి తరువాతి వ్యాసంలో ఒక్క "మరియు" కూడా లేదు. నేను నేర్పిన తెలుగు పొల్లుపోకుండా ఉన్నది. మంచి మార్కులే వేశాను. కాని వాడి నాయనమ్మ ఇంటి గొంతు అందులో ఎక్కడా వినిపించలేదు. దానిని పోగొట్టినవాణ్ణి నేనే. ఋణం తీరలేదని నేను అనేది అందుకే.

మిత్రుల ఇళ్ళలో తాతలనాటి తెలుగు బైబిలు ప్రతి ఉంటే, దాని ముఖపత్రం మీద ఏ సంవత్సరం, ఏ ముద్రణాలయం ఉన్నదో వ్రాసి పంపండి. అంచున ఎవరైనా పెన్సిలుతో అర్థాలు వ్రాసుకొని ఉంటే అవి కూడా.