ఆగి చూసే యంత్రం

ఆఫీసు లోపలి ఫోన్లను బయటి లైన్లతో కలిపే వాయిస్ గేట్‌వేలో నంబర్లు మార్చే సూత్రాలు రాసేవాళ్ళు తమది కంప్యూటర్లతో పుట్టిన పని అనుకుంటారు. నిజానికి దాని వయసు వందేళ్ళకు దగ్గర పడుతోంది. దాని చరిత్రంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా వాదన: అంకెలన్నీ చేతికొచ్చేదాకా యంత్రం ఆగగలదా? ఆగగలిగిందే మార్చి రాయగలదు.

మొదట్లో ఆగి వినడానికి మనిషే ఉండేది. ట్రంక్ కాల్ బుక్ చేసినవాళ్ళు ఊరూ నంబరూ చెబితే చాలు, ఏ దారిన కలపాలో ఆపరేటర్ చూసుకునేది. పీపీ కాల్ అయితే మాట్లాడాల్సిన మనిషి పేరు కూడా చెప్పేవారు; పేరు పట్టుకుని మనిషిని వెతికించిన ఆ సేవ ముందు నేటి సూత్రాలు పసివే. 1891లో ఆల్మన్ స్ట్రౌజర్ పేటెంటు పొందిన స్విచ్చి ఆమె చేతిపనిని అందుకుంది గానీ, ఆమె ఆలోచనను అందుకోలేదు. డయల్ మీద 4 తిప్పితే నాలుగు పల్సులు వెళ్తాయి, ఎక్స్ఛేంజీలో సెలెక్టర్ టకటకా నాలుగు మెట్లు ఎక్కుతుంది, అంతటితో ఆ అంకె ఖర్చయిపోతుంది. తర్వాతి అంకె తర్వాతి సెలెక్టర్‌ది. మొత్తం నంబరు ఏ ఒక్కచోటా నిలవదు. నంబరే దారి అన్నమాట. ఎక్స్ఛేంజీల మధ్య దారి మార్చాలంటే జనం తిప్పే అంకెలే మార్చాలి.

ఇంత మొరటు యంత్రమే దశాబ్దాల పాటు లోకాన్ని మాట్లాడించింది కదా, 1948లో మొదలైన బెంగళూరు ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ (ఐటీఐ) కూడా దాన్నే తయారుచేసింది కదా అని ఎవరైనా అడగొచ్చు. ఒక్క ఊరికైతే ఆ మొరటుతనమే బలం: చెడింది ఎక్కడో కంటికి కనబడుతుంది, చెవికి వినబడుతుంది. చిక్కంతా ఎక్స్ఛేంజీలు పెరిగిన నగరంలో వచ్చింది. 1927లో లండన్ హోబర్న్ ఎక్స్ఛేంజీలో పెట్టిన డైరెక్టర్ అనే పరికరం దానికి జవాబు. చందాదారు ఎక్స్ఛేంజీ పేరులోని మూడు అక్షరాలు, ఆపైన నాలుగు అంకెలు తిప్పేవాడు. డైరెక్టర్ వాటిని పట్టి ఉంచి, ఆ మూడక్షరాల స్థానంలో దారి చూపే వేరే అంకెలు, ఆరు దాకా, తనే పంపేది. ఆ పనికి ఇంజనీర్లు పెట్టుకున్న పేరు అనువాదం. ఇంతకన్నా సరిపోయే పేరు దొరకదు. ఇక దారి మారినా నంబరు మారనక్కర్లేదు, అనువాదం మార్చుకుంటే సరి. 1958లో బ్రిటన్ రాణి బ్రిస్టల్ నుంచి ఎడిన్‌బరోకి ఆపరేటర్ లేకుండా చేసిన కాల్ వెనకున్నదీ ఇలా పట్టి ఉంచి అనువదించే యంత్రమే. మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య ఎస్టీడీ మొదలైంది. ఆ పద్ధతిలో స్థిరపడ్డ మొదటి సున్నాకి అర్థం ‘ఇది ఊరి కాల్ కాదు, ట్రంక్ ఎక్స్ఛేంజీకి అప్పజెప్పు’ అని.

ఆ సున్నా 2021 జనవరి 15న మళ్ళీ వార్తల్లోకెక్కింది. ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు సున్నా కొట్టాలన్నారు. దానివల్ల కొత్తగా 254.4 కోట్ల నంబర్లకు చోటు దొరుకుతుందన్నారు. ఆ సున్నా యంత్రమే చేర్చుకోవచ్చుగా, ముసలీ ముతకా అందరి చేతా కొట్టించడమెందుకని విసుక్కున్నవాళ్ళున్నారు. విసుగులో న్యాయం ఉంది. కానీ అంకెలు ఒక్కొక్కటిగా వస్తున్నప్పుడు యంత్రం వైపు నుంచి చూడాలి. హైదరాబాదులో 6తో మొదలయ్యే ల్యాండ్‌లైన్‌కి ఎనిమిది అంకెలు, 6తో మొదలయ్యే మొబైల్‌కి పది. ఎనిమిదో అంకె పడ్డాక మనిషి ముగించాడా, ఇంకో రెండు కొడతాడా? తేల్చుకోవడానికి కాసేపు ఆగొచ్చు గానీ, అలాగైతే అలాంటి ప్రతి ఊరి కాల్‌కీ ఆ ఆలస్యం తప్పదు. ముందే పడే సున్నా ఆ సందేహాన్ని పుట్టనివ్వదు.

మార్చి రాసే ఈ స్వేచ్ఛే మోసగాళ్ళకీ దొరికిందన్న ఆక్షేపణ మాత్రం గట్టిదే. విదేశం నుంచి వచ్చే కాల్ +91 ముసుగు వేసుకుని మన తెర మీద కనబడుతుంది. అలాంటివి ఆపడానికి 2024 అక్టోబరులో కేంద్రం పెట్టిన వ్యవస్థ అనువాదాన్ని మాన్పించలేదు. కాల్ దేశంలోకి అడుగుపెట్టే చోట ఆగి నంబరు సరిచూసే పనే పెట్టింది.

మొదట చెప్పుకున్న గేట్‌వేకి నంబరంతా ఒక్క మూటగా చేతికొస్తే, ఇంటి ల్యాండ్‌లైన్‌కున్న ఆ ఎనిమిదా పదా అన్న ఇబ్బంది లేదు. బయటి లైను కోసం 0 కొట్టే ఆఫీసునే తీసుకుందాం. అక్కడ రెండు సూత్రాలు చాలు. మొదటిది /^0\([6-9].........\)$/ /0\1/. అంటే సున్నా తర్వాత 6 నుంచి 9లో ఏదో ఒకటి, ఆపైన తొమ్మిది అంకెలు ఉంటే సున్నాతో సహా పంపించు. రెండోది /^0\(.*\)$/ /\1/. అంటే సున్నాతో మొదలయ్యేది ఇంకేదైనా ఆ సున్నా తీసేసి పంపించు. గేట్‌వే పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట కుదిరిన దగ్గరే ఆగిపోతుంది. ఈ రెండూ తారుమారైతే, పాత అలవాటుకొద్దీ 0 కొట్టి మొబైల్ నంబరు కొట్టినవాడి సున్నా ఊడిపోయి కాల్ కలవదు. సరిగ్గా ఉంటే బయటి లైను కోసం కొట్టిన సున్నాయే 2021 నాటి సున్నాగా చెల్లిపోతుంది. కొట్టినవాడికి ఆ సంగతే తెలియదు.