గల్ఫ్‌లో పని ముగిస్తే సర్వీస్ డబ్బులు ఎంత? లెక్క ఇలా

నంద్యాల, ఆళ్లగడ్డ, కొత్తపల్లె వైపు నుంచి గల్ఫ్ వెళ్లి ఏళ్ల తరబడి పనిచేసి తిరిగొచ్చే వారికి కంపెనీ ఆఖర్న ఇవ్వాల్సిన సర్వీస్ డబ్బులు ఉంటాయి. అది బక్షీస్ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. ఎంత వస్తుందనేది దేశాన్ని బట్టి, ఆఖరి జీతాన్ని బట్టి, పని ఎవరు ముగించారన్న దాన్ని బట్టి మారుతుంది.

సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి పూర్తి నెల జీతం లెక్కకడతారు. ఉదాహరణకు ఆఖరి జీతం 2,000 రియాళ్లు, సర్వీసు 8 ఏళ్లు అనుకుందాం. మొదటి ఐదేళ్లకు 5,000, మిగతా మూడేళ్లకు 6,000, మొత్తం 11,000 రియాళ్లు. ఏడాది నిండని నెలలకూ ఆ మేరకు కలపాలి.

అసలు చిక్కు రాజీనామా దగ్గరే. సౌదీలో పనివాడే రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు సర్వీసుకు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల దాకా మూడో వంతు, ఐదు దాటి పదేళ్ల లోపు మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే మొత్తం. అంటే పై లెక్కలో 11,000 కాస్తా 7,333 అవుతుంది. కాంట్రాక్టు గడువు తీరడం మాత్రం రాజీనామా కాదు, అప్పుడు పూర్తిగా ఇవ్వాల్సిందే. అందుకే అరబీ కాగితంలో ‘ఇస్తిఖాలా’ (రాజీనామా) అన్న మాట ఉందేమో ఎవరితోనైనా చదివించుకున్నాకే సంతకం పెట్టాలి. ‘ముఖాలసా’ అంటే బాకీలన్నీ ముట్టాయని రాసిచ్చే కాగితం. డబ్బు చేతికి రాకముందే దానిమీద సంతకం చేస్తే తర్వాత వాదించడం కష్టం.

యూఏఈలో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కొత్త చట్టం రాజీనామా కోతను తీసేసింది. ఏడాది నిండితే చాలు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, తర్వాత 30 రోజుల జీతం. అయితే లెక్క బేసిక్ మీదే, అలవెన్సులు రావు. మొత్తం జీతం చూసి ఆశ పెట్టుకునే ఇళ్లలో నిరాశ ఇక్కడే వస్తుంది. బేసిక్ 1,500 దిర్హాములైతే 8 ఏళ్లకు 9,750.

కువైట్‌లో 2010 నాటి ప్రైవేటు రంగ చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 15 రోజులు, ఆపైన నెల జీతం. రోజు కూలి తేల్చడానికి నెల జీతాన్ని 26తో భాగిస్తారు. 130 దినార్ల జీతం మీద 8 ఏళ్లకు 765 వస్తుంది. రాజీనామా చేస్తే అది 510కి తగ్గుతుంది.

ఇళ్లలో వంట చేసేవాళ్లకు, హౌస్ డ్రైవర్లకు ఈ లెక్క వర్తించదు. కువైట్‌లో వాళ్లకు 2015 నాటి 68వ నంబర్ చట్టం వేరుగా ఉంది. దాని ప్రకారం కాంట్రాక్టు ముగిశాక పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం రావాలి. ఈ సంగతి తెలియక ఉత్త టికెట్‌తో తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు.

సౌదీలో ఫిర్యాదుకు పని ముగిసిన నాటి నుంచి 12 నెలలే గడువు. కాంట్రాక్టు కాపీ, బ్యాంకులో జీతం పడిన వివరాలు, ఇఖామా నకలు ఇంట్లోవాళ్ల దగ్గర కూడా ఒక సెట్టు ఉంచితే, మనిషి ఇండియాకు వచ్చేశాక కూడా భారత ప్రభుత్వ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టడానికి పనికొస్తాయి.