జెనీవా నగరమందలి అంతర్జాతీయ పాఠశాల

మన దేశమున పాఠశాలలు తొలకరి వానలతో తెఱవబడును. యూరపుఖండమున వేసవి వెనుకపట్టి ద్రాక్షలు పండు దినములలో, అనగా సెప్టెంబరు ప్రాంతమున, తెఱవబడును. ఎచ్చటనైనను ఆ మొదటివారపు సందడి యొక్కటియే: క్రొత్త పుస్తకముల వాసన, క్రొత్త ఉపాధ్యాయుని భయము, ప్రక్కను కూర్చున్నవా డెవడో యను కుతూహలము. కాని ప్రక్కవాని భాష తనకు దెలియక, ఉపాధ్యాయుని భాష యిద్దఱకును దెలియక, ఆ మొదటి దినము గడుపవలసివచ్చినచో నెట్లుండును? 1924వ సంవత్సరమున స్విట్జర్లాండు దేశమందలి జెనీవా నగరమున ఎనిమిదిమంది పిల్లలతో అట్టి పాఠశాల యొకటి యారంభమైనది. దాని చరిత్రము మన గృహస్థులు తెలిసికొనదగినదని తలంచి యీ వ్యాసము వ్రాయుచున్నాము. మన పట్టణములలో ‘ఇంటర్నేషనల్’ అను పేరుపలక లేని వీథి యిప్పుడు అరుదైపోవుచున్నది గదా! ఆ పదమునకు మొదట నే యర్థముండెనో ఎఱిగియుండుట తలిదండ్రులకు నష్టము గాదు.

నానాదేశముల విద్యార్థులు ఒకచోట చదువుట లోకమునకు క్రొత్తగాదు. చీనానుండి వచ్చిన హ్యూన్‌త్సాంగును, అతని వెనుక నిత్సింగును నలందలో చదివినది ఏడవ శతాబ్దమున. అయితే వారు వయస్సు వచ్చిన పండితులు. సంస్కృతమను నొక్క శాస్త్రభాషను పట్టుదలతో నభ్యసించి యా భాషయందే చదువుకొనిరి. పసిపిల్లల మాట వేఱు. వారికై ఇట్టి ప్రయత్న మొకటి పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో జరిగినది. ఫ్రాన్సుతో 1860లో వర్తకపు ఒడంబడిక కుదిర్చిన రిచర్డు కాబ్డెను మొదలగువారి యభిమానమున పుట్టిన యా తలంపు, 1866లో లండను సమీపమున స్ప్రింగ్ గ్రోవ్ అనుచోట అంతర్జాతీయ కళాశాలగా రూపొందెను. హక్స్‌లీ, టిండాల్ అను శాస్త్రజ్ఞులు దానికి తోడ్పడిరి. ఫ్రాన్సు, జర్మనీ దేశములలో దానికి తోబుట్టువులైన పాఠశాలలుండవలెననియు, బాలు రొకదానినుండి మఱియొకదానికి మాఱుచు ఒకే పాఠక్రమమును వేర్వేఱు భాషలలో చదువవలెననియు వారి సంకల్పము. ఇంతలో 1870లో ఫ్రెంచివారికిని ప్రష్యనులకును యుద్ధము వచ్చెను. లండను కళాశాల మాత్రము కొంతకాలము సాగి 1889లో మూతపడెను. పిల్లలు కలసి చదువుకొనినంతనే పెద్దలు యుద్ధములు మానరను సత్యము ఈ విధమున ముందుగనే తెలిసియుండెను.

అయినను జెనీవావారు మరల నా పనికే పూనుకొనిరి. దానికి కారణ మేదో మహాదర్శమని పాఠకులు భ్రమపడరాదు. మొదటి కారణము చాల సామాన్యమైనది: పిల్లలను చదివించుట యెట్లు? మొదటి మహాయుద్ధానంతరము 1920లో నానాజాతిసమితి యేర్పడి జెనీవాను తన స్థానముగా చేసికొనినది. అంతర్జాతీయ కార్మిక కార్యాలయమును అచ్చటనే నెలకొనెను. ఆ కచ్చేరీలలో పనిచేయుటకై యనేక దేశములనుండి ఉద్యోగులు సకుటుంబముగ వచ్చి చేరిరి. వారి పిల్లలు స్థానిక పాఠశాలలలో చేరినయెడల ఫ్రెంచి రాక వెనుకబడుదురు. నాలుగైదేండ్లకు తండ్రికి పని ముగిసి స్వదేశమునకు మరలినచో అచ్చటి పరీక్షకు పనికిరాక యెటుగానివారగుదురు. బదిలీల మీద జీవించు గుమాస్తా లందఱికి ఈ కష్టము తెలిసినదే. కర్నూలునుండి బరంపురమునకు బదిలీయైన యొకనాటి తాసిల్దారు గూడ దీని నెఱుగును.

ఈ తలిదండ్రులలో ముందుకు వచ్చినవా రిద్దఱు: సమితి సమాచారశాఖలో నుండిన అమెరికను ఆర్థర్ స్వీట్సరు, ఆరోగ్యశాఖ కధిపతియైన పోలండు వైద్యుడు లుడ్విక్ రైఖ్మన్. (ఈ రైఖ్మనే రెండవ యుద్ధము తరువాత ఐక్యరాజ్యసమితి బాలల నిధి యగు యూనిసెఫ్ స్థాపనకు మూలపురుషుడయ్యెను.) వారికి అదృష్టవశమున జెనీవాలోనే విద్యాశాస్త్రజ్ఞుల గుంపొకటి యుండెను. 1912లో క్లాపరేడ్ స్థాపించిన రూసో విద్యాసంస్థ యచ్చటిదే. దానితో సంబంధముగల అడాల్ఫ్ ఫెరియేర్ అను నాయన నూతనవిద్యోద్యమమునకు పట్టుగొమ్మ. చెవుడు వచ్చుటచే స్వయముగా పాఠము చెప్పుట మానుకొనవలసివచ్చినను, ఇతరుల పాఠశాలలకు జీవితమంతయు ఆలోచన చెప్పినవాడు. ఆయన కుటుంబమువారి తోటలోని కొయ్యయింటిలోనే మొదటి తరగతి సాగినది. పాల్ మేయ్‌హోఫర్ మొదటి యధ్యక్షుడు. 1929లో పాఠశాల ‘లా గ్రాండ్ బువాసియేర్’ అను విశాలమైన తోటకు మాఱెను. నేటికిని దాని ముఖ్యస్థాన మదియే.

అదే సంవత్సరమున అధ్యక్షురాలైన మరీ తెరేజ్ మోరెట్ గుఱించి కొంత విస్తరించి చెప్పవలెను. ఆమె 1949 వఱకు, అనగా ఇరువదియేండ్లు, ఆ బడిని నడపినది. స్త్రీలు వందలమంది బాలబాలికలుగల విద్యాలయమును నడపలేరని వాదించువారు ఆ దినములలో యూరపులోనే యుండిరనిన మన పాఠకురాండ్రు ఆశ్చర్యపడకుందురు గాక. ఆమె తండ్రి పోల్ ద్యుపుయి. ఆయన పారిసులోని ప్రసిద్ధమైన ఎకోల్ నార్మాల్ విద్యాలయమున చిరకాలము కార్యదర్శిగా నుండి, ఇరువదియేండ్లకే ద్వంద్వయుద్ధమున మరణించిన గణితశాస్త్రజ్ఞుడు గల్వా జీవితచరిత్రమును 1896లో ప్రకటించిన విద్వాంసుడు. ఆయన ముసలితనమున, ఇతరులు మనుమల నాడించుకొను వయస్సున, జెనీవాకు వచ్చి యీ పిల్లలకు భూగోళము చెప్ప మొదలుపెట్టెను.

ఆ భూగోళపాఠ మెట్టిదో వినదగును. మనము బడిలో చదివినది గ్రామమునుండి తాలూకాకు, తాలూకానుండి జిల్లాకు, జిల్లానుండి రాష్ట్రమునకు, అట్లు మెట్టుమెట్టుగ లోకమునకు పోవు క్రమము. దగ్గఱిదానినుండి దూరపుదానికి పోవుట బాలబోధకు సహజమని పెద్దలు చెప్పుదురు. మేమును ఆ పద్ధతిలోనే చదివితిమి, దానినే చెప్పుచున్నాము. ద్యుపుయి దీనిని తలక్రిందు చేసెను. మొదట గోళము. గోడకు తగిలించిన పటము గాదు, చేతితో త్రిప్పదగిన గోళము. దానిపై సముద్రములు, పర్వతములు, ఎడారులు, నదులు. అచ్చటచ్చట మనుష్యులు దేనిని తిని బ్రదుకుచున్నారో, ఏల ఆ చోటనే గుమిగూడిరో. రాజ్యముల యెల్లలు చాలకాలము వఱకు లేవు. గోడపటమున యూరపు ఎప్పుడును నడుమ నుండుటచే ఆ ఖండపు బాలుడు తన యిల్లే లోకమధ్యమని యెఱుగకయే నమ్మును. గోళమునకు నడుమ యనునది లేదు. త్రిప్పినకొలది ఎవరి యిల్లైనను ఎదుటికి వచ్చును.

చరిత్రము పండ్రెండేండ్లు నిండువఱకు చెప్పరాదని మోరెట్ నియమము. భూమి యెఱుగనివానికి రాజుల కథలు చెప్పుట పగలు నేర్పుట యగునని ఆమె భయము. చెప్పినపుడైనను ఒక దేశముది గాక సర్వప్రపంచ చరిత్రమును, ఒకే కాలమున ఆయా ఖండముల నేమి జరిగెనో ప్రక్కప్రక్కను చూపుచు, చీనాను భారతదేశమును విడువక చెప్పవలెను. ఈ నియమములో కొంత యతిశయము లేకపోలేదు. పదేండ్ల బాలునికి తాత చెప్పు పల్నాటి వీరకథ పగ నేర్పునని మేము నమ్మజాలము. కాని ఒక యుద్ధమును గెలిచినవారి బిడ్డయు ఓడినవారి బిడ్డయు ఒకే బల్లపై కూర్చున్న తరగతిలో, ఆ యుద్ధపాఠమును చెప్పవలసిన యుపాధ్యాయుని స్థితి మాకు బోధపడకపోలేదు. అతడు ‘మనము గెలిచితిమి’ అని యనజాలడు. ఆ ‘మనము’ అను మాటయే ఆ గదిలో పలుకరాదు.

ఈ బడికిని మన దేశమునకును చిన్న సంబంధము గలదు. 1926లో జవహర్‌లాల్ నెహ్రూ భార్య కమలాదేవి క్షయవ్యాధి చికిత్సకై కుటుంబముతో జెనీవా చేరినపుడు ఎనిమిదేండ్ల యిందిరను ఈ పాఠశాలలో చేర్పించెను. ఆమె యచ్చట నుండినది కొలదికాలమే. రెండేండ్ల తరువాత, 1928 వేసవిలో, ముస్సోరీలో నున్న కుమార్తెకు నెహ్రూ వ్రాసిన లేఖలు భూమి పుట్టుకతోను, రాళ్లు చెప్పు చరిత్రముతోను ఆరంభమగును. రాజులు చాల వెనుక వత్తురు. జెనీవాబడి ఫలమే యిది యని మే మనము. ఆ కాలమున నిట్టి తలంపు గాలిలో నుండెను. మన యాంధ్రవిశ్వవిద్యాలయమునకు 1931 మొదలు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణపండితులును ఆ దశాబ్దమున నానాజాతిసమితివారి మేధాసహకార సంఘమున సభ్యులై జెనీవాకు పోవుచుండిరి.

ఇక లోపముల మాట. పాఠశాలలో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండును బోధనభాషలు. పిల్లలందఱు రెంటను సమానముగ మెలగవలెనని వ్యవస్థాపకుల కోరిక. కొంతవఱకు నెఱవేఱినది, కాని కాలక్రమమున బడిలో ఫ్రెంచిపక్షము, ఇంగ్లీషుపక్షము అని రెండు విభాగము లేర్పడెను. దీనికి మూలము పరీక్షలు. ఫ్రాన్సుకు పోవలసినవానికి బాకలోరియా, స్విస్ వానికి మతురితే, ఆంగ్లేయునికి ఆంగ్లవిశ్వవిద్యాలయముల పరీక్ష, అమెరికనుకు కాలేజిబోర్డు పరీక్ష కావలెను. పండ్రెండేండ్లు కలసి గోళమును త్రిప్పినవారు చివరి రెండేండ్లు నాలుగు గదులలోనికి విడిపోవలసివచ్చెను. అన్ని దేశములును ఒప్పుకొను పరీక్ష యొకటి యుండవలెనను ఆలోచన 1925లోనే ఫెరియేర్ ప్రభృతులకు తట్టినది. ఆనాడు ఏ విశ్వవిద్యాలయము వినును?

మఱియొక బాధ పరీక్షలకంటె మృదువైనది గాని తక్కువది గాదు. ప్రతి సంవత్సరారంభమునను బల్లలపై కొన్ని ముఖములు మాఱును. నిరుటి స్నేహితుడు తండ్రి యుద్యోగము ముగిసి పోయెను. వాని చోట మాటరాని క్రొత్తపిల్ల. 1933లో జపాను, జర్మనీ సమితిని వీడుచున్నామని తెలిపినవి, 1937లో ఇటలీ. ఈ వార్తలు మనకు పత్రికలలోనివి. ఆ బడిలో హాజరుపట్టీలోనివి. 1939 సెప్టెంబరు మొదటిదినమున హిట్లరు సేనలు పోలండులో ప్రవేశించెను. పాఠశాలలు తెఱచు మాసమే యది. మఱుసటియేడు కార్మిక కార్యాలయము కెనడాలోని మాంట్రియలుకు తరలిపోయెను. చుట్టును యుద్ధముచే ముట్టడింపబడిన చిన్నదేశమున మోరెట్ తన బడిని మూయలేదు. 1946 ఏప్రిలులో నానాజాతిసమితి తన తుదిసభ జరుపుకొని రద్దయ్యెను. ఆ సమితి యుద్యోగుల పిల్లలకై పుట్టిన పాఠశాల మాత్రము ఆ సెప్టెంబరులో ఎప్పటివలెనే తెఱవబడెను!

1948లో యునెస్కోవారి కోరికపై మోరెట్ ఒక చిన్న గ్రంథము వ్రాసినది. శాంతికై విద్య గరపు మార్గములు గలవా యనునది దాని ప్రశ్న. గోళము, ఆలస్యముగ మొదలిడు చరిత్రము, రెండుభాషలు మొదలగు తన యనుభవములను ఆమె యందు క్రోడీకరించెను. యుద్ధమును ఆపగలిగితిమని ఆమె యనలేదు.

పరీక్షలచిక్కు విడిపోయిన విధము పెద్ద కథ. దానిని క్లుప్తముగ చెప్పెదము. 1960 తరువాత ఈ పాఠశాల యుపాధ్యాయులే పూనుకొని, అమెరికా ధర్మనిధుల సాయముతోను, ఆక్స్‌ఫర్డు విద్యాశాఖాధ్యక్షుడు అలెక్ పీటర్సను సారథ్యముతోను, 1968లో ఇంటర్నేషనల్ బాకలోరియా అను సంస్థను జెనీవాలో స్థాపించిరి. తరువాతి యైదేండ్లలోనే అనేక దేశముల విశ్వవిద్యాలయములు ఆ పట్టమును అంగీకరింప మొదలిడెను. మన దేశమున దానిని 1976లో మొదట చేపట్టినది కొడైకానలులోని పాఠశాల. నేడు హైదరాబాదు నగరమందును ఆ పరీక్షకు చదివించు బడులు గలవు. పేరుపలకపై ‘ఇంటర్నేషనల్’ అని వ్రాసికొని, ఆ పరీక్షతోగాని పరదేశపు విద్యార్థితోగాని ఏ సంబంధమును లేని బడులు అంతకు ఎన్నోరెట్లు గలవు. వానిలో పెక్కింట తెలుగు మాటాడిన పిల్లవానికి శిక్ష గలదని వినుచున్నాము.

జెనీవావారి పరీక్షలో మాత్రము మొదటి విషయము విద్యార్థి తనకు బాగుగ వచ్చిన భాషలోని సాహిత్యము. సాధారణముగ నది మాతృభాష. రెండవదిగ మఱియొక భాష నేర్వవలెను. మొదటిదానికి ఇంగ్లీషు, ఫ్రెంచి కావలెనని నియమము లేదు. తగినంత వాఙ్మయముగల భాష యేదైనను, బడిలో నుపాధ్యాయుడు లేనిచో తనంత తాను చదువుకొని పరీక్ష కిచ్చెదనని విద్యార్థి ముందుగ నర్థింపవచ్చును. తెలుగునకు తగినంత వాఙ్మయము గలదో లేదో మన యింటి పుస్తకాల బీరువా చెప్పగలదు. దానిని చదువగల పిల్లవాడు మన యింట నున్నాడా యనునది తలిదండ్రులే చూచుకొనవలసిన విషయము.