సున్నపుగోడమీది చెట్టుకప్ప

నెల్లూరు తీరమున ఈశాన్యపు వానలు దిగగానే, స్నానపుగది గోడపైననో, నూతిగట్టు ప్రక్కనో చిన్న కప్ప యొకటి అంటుకొనియుండుట చూడనివారు అరుదు. దాని వ్రేళ్ల కొనలయందు గుండ్రని బిళ్లలుండును. వాని బలముననే అది నిలువుగోడ నెక్కగలుగుచున్నది. మనము దానిని చెట్టుకప్ప యందుము. సున్నపు గోడల నాశ్రయించుటచే ఆంగ్లేయులు ‘చునాం కప్ప’ యనిరి.

దీనిని సీసాలో పెంచి పిల్లలను చేయించవచ్చునా యని ఇంటి చిన్నవాండ్రు అడుగుచుందురు. ఆ ప్రశ్న క్రొత్తది కాదు.

జర్మనీ దేశమున 19వ శతాబ్దమునందు ఆ దేశపు చెట్టుకప్పను గాజుకూజాలో నుంచి, లోపల చిన్న నిచ్చెన నిలుపుట వాడుకగా నుండెను. కప్ప పైమెట్టెక్కిన ఎండ, క్రిందికి దిగిన వాన యని వారి నమ్మకము. మన దేశమునందో, వానలు తప్పినప్పుడు కాపు స్త్రీలు క్రొత్త చేటకు కప్పను కట్టి, వేపరెమ్మలు పరచి, ఇంటింటికి త్రిప్పుచుండిరని థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. అచట కూజా, ఇచట చేట. ఇరువురును కప్ప నడిగినది వాననుగూర్చియే. కప్పకు కావలసిన దేమియో అడిగినవారు లేరు.

అట్టి విచారణకు మన నెల్లూరితోడను సంబంధము కలదు. 1840 దశకమున ఇచట సివిల్ సర్జనుగా నుండిన థామస్ జెర్డన్ పక్షులతోపాటు సరీసృపములను, కప్పలను శ్రద్ధతో పరిశీలించెను. అడవి నెరిగిన యానాదుల తెలివిని ఆయన వినియోగించుకొనెను. 1853లో ఆయన కర్ణాటక సీమనుండి వర్ణించిన పెద్దకప్పకు నేటికిని ఆయన పేరే నిలిచియున్నది.

ఇక చెట్టుకప్ప సంసారము విచిత్రమైనది. వానరాత్రి ఆడుది నీటిపైకి వంగిన ఆకునో, తొట్టిగోడనో చేరి, తన శరీరమునుండి వెడలు జిగురును వెనుకకాళ్లతో చిలికి నురుగు చేయును. గ్రుడ్లు ఆ నురుగులోనే పెట్టును. నురుగు పైపొర ఎండి గట్టిపడును, లోపల తడి నిలుచును. కొన్ని దినములకు తోకకప్పలు నీటిలోనికి రాలును. భువనేశ్వరమున ఉత్కళ విశ్వవిద్యాలయపు ప్రియంవద మహంతి హెజ్మాడి, సుశీల్ కుమార్ దత్తా ఈ జీవితచరిత్రను గ్రుడ్డు మొదలు పరిశీలించి 1988లో ప్రకటించిరి.

కావున పెట్టెలో సంతానము కావలెనన్న తిండి పెట్టిన చాలదు. గాలికి తేమ యుండవలెను. క్రింద నీరు, దానిపైకి వంగిన కొమ్మ యుండవలెను. కొంతకాలము పొడిగా నుంచి పిమ్మట జల్లు కురిపించవలెను. అనగా పెంచువాడే వరుణుడు కావలెను. కూజాలోని జర్మను కప్పకు నిచ్చెన దొరకినది గాని, వానకాలము దొరకలేదు.

మన కాలమున మరియొక పాఠము కూడ నేర్చితిమి. వేల టన్నుల కప్పకాళ్లు విదేశములకు పోయినవి. జెర్డన్ వర్ణించిన పెద్దకప్పయు వానిలో నుండెను. పురుగులను తిను ప్రాణిని అమ్ముకొని పురుగులమందు కొనుచున్నామను ఆందోళన పెరుగగా, 1987లో ప్రభుత్వము ఆ ఎగుమతిని నిషేధించెను.

చిన్నవాండ్రకు మేము చెప్పునది ఇది. సీసా వలదు. పెరటిలో ఒక తొట్టి, దానిపైకి వంగిన అరటి యాకు చాలును. వాన తన పని తాను చేయును. అటువంటి రాత్రి మా కార్యక్రమములు ముగిసిన పిమ్మట రేడియో కట్టివేసి, కొంతసేపు పెరటివైపు చెవి యొగ్గుడు. తొట్టి ప్రక్కనుండి టకటకమను పిలుపు వినవచ్చినచో, మరునాటి ఉదయము ఆకు అడుగున తెల్లని నురుగుముద్ద కొరకు వెదకుడు. కనబడినచో తాకక, క్రింద నీరు ఎండకుండ చూచిన చాలును.