స్విండన్ సమ్మెట కవి – మన మిత్రలాభం

ఆధ్యాత్మిక ప్రేమ అనగానే మనకు ఆళ్వారులు, అన్నమయ్య, గుడిగంటలు మనసులో మెదులుతాయి. స్విండన్‌లో స్థిరపడిన నాకు మాత్రం ఇక్కడి రైలు కర్మాగారంలో పనిచేసిన ఒక ఇంగ్లీషు కార్మికుడు కూడా గుర్తుకు వస్తారు. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ విలియమ్స్.

స్విండన్ ఊరిని పెంచింది గ్రేట్ వెస్టర్న్ రైల్వే. 1843లో మొదలైన ఆ కర్మాగారం 1986లో మూతపడింది. బాగా నడిచిన రోజుల్లో 14,000 మందికి పైగా అందులో పనిచేసేవారు. ఇప్పుడు ఆ షెడ్లలో ఒకవైపు రైల్వే మ్యూజియం, మరొకవైపు దుకాణాలు ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మనం తీసుకువెళ్ళేది అక్కడికే.

విలియమ్స్ 1877లో పక్కనే ఉన్న సౌత్ మార్స్టన్ పల్లెలో పుట్టారు. చిన్న వయసులోనే కర్మాగారంలో చేరి, సమ్మెట పనిలో ఇరవై ఏళ్ళకు పైగా గడిపారు. పనిచేసే చోటనే సుద్దతో గ్రీకు అక్షరాలు రాసుకుని నేర్చుకున్నారు. అందుకే ఆయనకు ‘సమ్మెట కవి’ అన్న పేరు వచ్చింది. 1914లో ఆరోగ్యం చెడి పని మానేశారు. థేమ్స్ ఎగువ పల్లెల్లో సైకిలు మీద తిరిగి, ముసలివాళ్ళ నోట మిగిలిన జానపద గీతాలను సేకరించారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి దళంలో చేరి 1917లో భారతదేశం చేరుకున్నారు. అక్కడ ఆయన పాలకుల సైన్యంలో ఒక సిపాయి. ఆ స్థానం నుంచి చూస్తే ఎదుటి మనిషి నౌకరుగానో, అణచి ఉంచవలసినవాడుగానో కనిపించడం సులభం. విలియమ్స్ చూపు అక్కడ ఆగలేదు. తిరిగి వచ్చాక భార్యతో కలిసి సొంత చేతులతో ఇల్లు కట్టుకుని, దానికి మన హిమాలయ ప్రాంతపు ‘రాణీఖేత్’ పేరు పెట్టుకున్నారు. పేదరికంలో, అనారోగ్యంలో సంస్కృతం నేర్చుకుని పంచతంత్ర కథలను ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ పుస్తకం 1930లో వెలువడింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు.

పంచతంత్రం మనకు కొత్తకాదు. 1853లో పరవస్తు చిన్నయసూరి రచించిన ‘నీతిచంద్రిక’లో మిత్రలాభం చదవని పాతతరం తెలుగువారు అరుదు. వలలో చిక్కిన పావురాల రాజు చిత్రగ్రీవుడు, తాళ్ళు కొరకవచ్చిన ఎలుకతో ముందు తనవారి కట్లు తెంపమంటాడు. అది చూసిన కాకి ఆ ఎలుకతో స్నేహం కోరుతుంది. తినేవాడికీ తిండికీ చెలిమి ఏమిటని ఎలుక వెనకాడుతుంది. అయినా చివరికి స్నేహం కుదురుతుంది. కాకి కాకిగానే ఉంది, ఎలుక ఎలుకగానే ఉంది. మారింది చూపు ఒక్కటే. సిపాయిగా వెళ్ళి శిష్యుడిగా తిరిగివచ్చిన మనిషి ఈ కథలను ఎంచుకోవడం నాకు ఎంతో సముచితంగా తోస్తుంది.

ఎదుటివాడిలో తనను చూసుకోవడమే ఆధ్యాత్మిక ప్రేమ అని పెద్దలంటారు. అది ధ్యానంతోనే వచ్చేస్తుందని నేను అనుకోను. ఎదుటివారి భాష నేర్చుకోవాలి, వారి కథ వినాలి, అందుకు శ్రమపడాలి. విలియమ్స్ తన పల్లె ముసలివారికీ, సముద్రాల అవతలి మనకూ ఒకే శ్రద్ధ ఇచ్చారు.

మరి మన సంగతి? మనల్ని అందరూ ‘ఇండియన్స్’ అని ఒకే గాటన కడతారని బాధపడతాం. మన మాటల్లో పక్కింటివారు ఏళ్ళ తరబడి ‘తెల్లవాళ్ళు’గానే మిగిలిపోతారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళు ‘ఇన్‌సైడ్’లో పనిచేశామంటే జైలు అనుకోకండి, రైలు కర్మాగారం అని అర్థం! ఆ ఒక్క మాట వెనుక తరాల చెమట ఉంది. అడిగితే వాళ్ళు సంతోషంగా చెబుతారు.

వచ్చే ఉగాదికి పులిహోర గిన్నెతో పక్కింటి తలుపు తట్టండి. కాసేపు కూర్చుని వారి కథ కూడా విని రండి. మన పిల్లలను వెంట తీసుకువెళ్ళడం మరచిపోకండి. ఈ గడ్డ మీద మన మిత్రలాభం అక్కడే మొదలవుతుంది.