మన వంటింటి దినుసులు - వాటి చరిత్ర

ఆ మధ్య నందికొట్కూరులో ఒక పెండ్లి విందులో బగారా అన్నం, దాల్చా వడ్డిస్తున్నారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, మంచి మనిషే, తృప్తిగా తింటూ, "ఈ మసాలాలన్నీ మీవాళ్లు బయట్నుంచి తెచ్చినవే గదా! మా వంటంటే కారం, పులుసు" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట మనసులో నిలిచిపోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు కారం సంగతే చూద్దాం. మిరపకాయ పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తర్వాతనే పోర్చుగీసు ఓడల మీద అది మన దేశానికి వచ్చింది. తాళ్లపాక అన్నమాచార్యులవారు 1503లో కన్నుమూశారు. వారి కాలపు సీమ వంటలో ఘాటు కావాలంటే మిరియాలే గతి. ఆ మిరియం పోలికతోనే కొత్త కాయకు మిరప అన్న పేరు వచ్చింది. దక్కనులో బహమనీ రాజ్యం 1347లోనే ఏర్పడింది. అంటే ఈ నేల మీద ముస్లింలు మిరపకాయ కంటే నూటయాభై ఏండ్లు పెద్దవారన్నమాట!

ఇక పులుసు. చింతపండును అరబ్బులు ‘తమర్ హిందీ’, అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. ఇంగ్లీషువారి ‘టామరిండ్’ అందులోంచి పుట్టిందే. అయితే ఆ చెట్టు అసలు పుట్టుక ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. పప్పులో, పులిహోరలో వేసే ఇంగువ ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి వచ్చే సరుకు. మన దేశంలో దాన్ని సాగుచేసే ప్రయత్నంగా హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో మొక్కలు నాటింది 2020లో.

మరి మసాలా? అందులోని మిరియాలు, ఏలకులు మన పడమటి కనుమలవే. మలబారులో మిరియపు తీగను చూసి, అది ద్రాక్షతీగ వలె ఉందని ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలోనే రాశాడు. లవంగం మొలక్కా దీవులది. దాల్చినచెక్క సింహళానిది, పేరు మాత్రం ఫార్సీ ‘దార్చీనీ’.

మాటలూ ఇట్లే కలిసిపోయాయి. మసాలా, పుదీనా అనే మాటలు అరబ్బీ, ఫార్సీల నుంచి తెలుగులోకి వచ్చాయి. ఉత్తరాది ఉర్దూవారు ‘హరా ధనియా’ అనేదాన్ని మా నాన్నమ్మ తన దక్కనీలో ‘కొత్మీర్’ అనేది. కరివేపాకును ‘కర్యాపాక్’ అనేది. ఇవి తెలుగు గాలి తగిలిన మాటలు గాక మరేమిటి?

1839లో కంపెనీవారు కర్నూలు నవాబును తొలగించారు. ఆ ఏలుబడి సంగతులు దఫ్తరాల్లో మిగిలాయి. మన ఆడవాళ్ల వంట మాత్రం ఏ దఫ్తరంలోనూ లేదు. మా నాన్నమ్మ కొలతంతా చేతి అంచనానే. "చింతపులుసు ఎప్పుడు పొయ్యాల?" అని అడిగితే, "వాసన చెప్తుంది లే" అనేది. ఆమె పోయినాక మా ఇంట్లో ఆ దాల్చా మళ్లీ కుదరలేదు. అడిగి రాసుకోనందుకు ఇప్పుడు బాధపడి ఏం లాభం!

కనుక సభ్య సోదర సోదరీమణులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రంజానులోపల వాళ్ల పక్కన కూర్చుని, ఏ దినుసు ఎంత, ఏది ముందు ఏది వెనుక, తెలుగులోగానీ ఉర్దూలోగానీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. దినుసుల పేర్లు వాళ్లు పలికినట్టే రాయండి.

ఆ పెద్దాయన్ను ఈసారి మా ఇంటికే భోజనానికి పిలవాలనుకుంటున్నాను. తిన్న తర్వాత మిరపకాయ కథ చెప్తాను.