లండన్–ఆస్ట్రేలియా: 28 రోజుల నుంచి 20 గంటలకు

లండన్, సిడ్నీ నగరాల మధ్య దూరం సుమారు 17,000 కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్లనూ కలుపుతూ దారం బిగించి పట్టుకుంటే, ఆ దారం పోయే దారి పొడవు ఇది. భూమి మీద ఏ రెండు చోట్లైనా 20,000 కిలోమీటర్లకు మించి ఎడంగా ఉండవు. అందుకే విమానయానం పుట్టిన నాటి నుంచీ ఈ దారి ఆ విద్యకు పెద్ద పరీక్షగా ఉంటూ వచ్చింది.

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం పెట్టింది. బ్రిటన్ నుంచి ముప్పై రోజుల్లోపు విమానంలో ఆస్ట్రేలియా చేరిన స్వదేశీయులకు పది వేల పౌన్లు బహుమతి. రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు ఇద్దరు మెకానిక్‌లతో, పైకప్పు లేని వికర్స్ విమీ బాంబర్‌లో నవంబర్ 12న లండన్ దగ్గరి హౌన్‌స్లో నుంచి బయల్దేరారు. ఢిల్లీ, కలకత్తాల్లో ఆగారు. జావాలోని సురబయలో విమానం బురదలో కూరుకుపోయింది. స్థానికులు వెదురు తడకలు మోసుకొచ్చి నేల మీద పరిచారు. ఆ తడకల బాట మీదుగానే విమానం పైకి లేచింది. డిసెంబర్ 10న డార్విన్ చేరింది. పందెం గెలిచిన ఘనతలో ఆ ఊరివాళ్లకూ వాటా ఉంది.

1935లో లండన్–బ్రిస్బేన్ ప్రయాణికుల సర్వీసు మొదలైంది. పన్నెండు రోజుల పైనే పట్టేది. అందులోనూ పారిస్ నుంచి ఇటలీలోని బ్రిండిసి దాకా రైల్లోనే వెళ్లాలి. 1938లో వచ్చిన నీటి విమానాలు కలకత్తాలో హుగ్లీ నది మీద దిగేవి.

1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో దారి తెగిపోయింది. మరుసటి ఏడాది నుంచి కాటలీనా నీటి విమానాలు పెర్త్, సింహళంలోని కొగ్గల సరస్సుల మధ్య 5,600 కిలోమీటర్లు ఏకబిగిన ఎగిరేవి. శత్రువు పసిగట్టకుండా రేడియో మూగబోయేది, నక్షత్రాలే దారి చూపేవి. ఇంధనం బరువు వల్ల ముగ్గురికి మించి ప్రయాణికులకు చోటుండేది కాదు. దాదాపు ముప్పై గంటల ఆ ప్రయాణంలో సూర్యోదయం రెండుసార్లు కనిపించేది. ఈ దారి చరిత్రలో ఇంతకన్నా సాహసమైన ఘట్టం మరొకటి లేదు.

1947 డిసెంబర్ 1న కాన్‌స్టెలేషన్ విమానం సిడ్నీలో బయల్దేరి డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజుల్లో లండన్ చేరింది. ఇలా గెంతుతూ పోయేది కాబట్టే దీనికి కంగారూ రూట్ అని పేరు. 1959లో జెట్‌లు వచ్చాక మజిలీలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి.

1989 ఆగస్టులో బోయింగ్ 747-400 లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో వెళ్లింది. టికెట్ కొన్న ప్రయాణికులు లేరు. అంతే చోటులో ఎక్కువ శక్తినిచ్చే చిక్కని ప్రత్యేక ఇంధనం నింపి, అది వృథా కాకుండా విమానాన్ని రన్‌వే దాకా లాక్కెళ్లారు. 2019 నవంబర్‌లో 787-9 అదే పని 19 గంటల 19 నిమిషాల్లో చేసింది. ముప్పై ఏళ్లలో తగ్గింది గంటలోపే, ఎందుకంటే జెట్‌ల వేగం పెద్దగా పెరగలేదు. కానీ నాలుగు ఇంజన్ల పని రెండింటితో అయింది. ఈ రెండు రికార్డులూ తూర్పు దిశగా, గాలి వాలులో ఎగిరినవే. సిడ్నీ నుంచి లండన్‌కు వచ్చేటప్పుడు పడమటి గాలులు ఎదురవుతాయి, దాంతో అంతే దూరానికి సమయమూ ఇంధనమూ ఎక్కువ పడతాయి.